ఫ్రీజర్‌లో పెట్టిన సీసాలు

వదినగారికి,

ఎదురుగా చెప్పే ధైర్యం లేక, మీరు ఊరెళ్లాక రాస్తున్నాను.

మీ తమ్ముడి రక్తంలో లేని, రక్తం గడ్డకట్టించే ఆ ప్రొటీను మందు మా ఫ్రిజ్‌లో ఉండేది కదా. దెబ్బ తగిలినప్పుడల్లా నేనే ఎక్కించేదాన్ని. పోయిన నెల కరెంటు మాటిమాటికీ పోతుంటే, పాడవుతుందని భయపడి మూడు సీసాలూ ఫ్రీజర్‌లోకి మార్చాను. ఐసైతే ఆ మందు ఇక ఎందుకూ పనికిరాదట. పెట్టె మీద రాసే ఉంది. పదకొండేళ్లలో ఒక్కసారి చదివిన పాపాన పోలేదు.

ఆయన స్నానాల గదిలో జారి, తల గోడకి కొట్టుకున్న రోజు వాటినే కరిగించి ఎక్కించాను. "కంగారెందుకు? నీ చేత్తో సూది దిగినట్టే తెలీదు" అని నవ్వారు. మందు పడిందిగా అని ధీమాగా ఇంట్లోనే ఉండిపోయాం. సాయంత్రానికి మాట పడిపోయింది. ఆస్పత్రికి చేరేసరికే అంతా అయిపోయింది.

"మందు ఎందుకో పనిచెయ్యలేదమ్మా" అని డాక్టరుగారు మీతో అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

బయల్దేరేముందు మీరు నా చేతులు కళ్లకద్దుకుని, "మావాణ్ణి ఇన్నేళ్లు కాపాడిన చేతులే ఇవి" అన్నారు. ఆ మాట వెనక్కి తీసేసుకోండి వదినా. మోయలేకపోతున్నాను.

మీ మరదలు