మధ్యాహ్నపు సీసా

తార్నాక,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన నాన్నగారికి,

సుగుణ వందనాలు. ప్రభువు కృపవల్ల ఇక్కడ నేను బాగున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పిన్ని దగ్గు ఎలా ఉంది? ఇక్కడి ఎండకు చెమట పట్టదు, పెదాలు పగులుతాయి. అన్నం బాగానే సయిస్తోంది, దిగులు పడకండి.

ప్రార్థనయ్యాక నా ఉత్తరాలు అందరికీ పైకి చదువుతారు కదా. దీన్ని ముందు మీరొక్కరే చదువుకోండి. పిన్ని వింటే నా చదువు మాన్పించేస్తుంది.

మా జంతుశాస్త్రం క్లాసులో యూసుఫ్ అని ఒకతను ఉన్నాడు. ఆఫ్రికాలో నైలు నది ఒడ్డున వాళ్ళ ఊరు. కొన్నాళ్ళుగా అతనికి మూత్రంలో నెత్తురు పడుతోంది. పరీక్షల్లో ఏమీ తేలక, మూత్రాశయంలో గడ్డ ఉందేమో కోసి చూడాలన్నారట డాక్టరు. అతను మా ల్యాబ్ మేడంతో చెబుతుంటే, బల్ల అవతల కప్పను కోస్తూ విన్నాను.

"విదేశాల్లో కడుపులోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో లోపలి బొమ్మ గీస్తున్నారట. కోయకుండానే మూత్రాశయం గోడ చూసే రోజు వస్తుంది. మనదాకా ఎప్పుడొస్తుందో" అన్నారు మేడం.

నాకు అమ్మ గుర్తొచ్చింది. కుమ్మరి దగ్గర ప్రతి కుండనూ వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, కంటికి కనబడని పగులు పట్టేసేది.

లైబ్రరీలో చదివిన ఒక పేజీ కూడా గుర్తొచ్చింది. అలాంటి నదుల్లో ఒక పురుగు చర్మంలోంచి దూరి, మూత్రాశయం చుట్టూ రక్తనాళాల్లో కాపురం పెడుతుంది. దాని గుడ్లు మూత్రంలో మధ్యాహ్నం ఎక్కువగా పడతాయి, అదీ కాస్త పరుగెత్తాక. ఇక్కడి ఆసుపత్రిలోనేమో పొద్దున్నే పట్టిన సీసానే తెమ్మంటారు. చెబుదామంటే నోరు రాలేదు. కాన్వెంటులో సిస్టర్లకు చిటికెన వేలు చూపించడమే తప్ప ఆ మాట ఎన్నడూ అనలేదు మేము.

"మేడం, మధ్యాహ్నపు సీసా చూస్తే..." అన్నాను. మిగతాది తల దించుకుని చెప్పేశాను.

"ఇన్నొద్దులకు గీ బిడ్డ గొంతు ఇన్న" అన్నాడు అటెండరు మల్లయ్య.

మర్నాడు మిట్టమధ్యాహ్నం యూసుఫ్ మెట్లు ఎక్కి దిగుతున్నాడు.

"గీ ఎండల గిదేంది సారూ, దిమాక్ ఖరాబైందా?"

"అండే, మల్లయ్యా, అండే."

"గుడ్లకు గింత కష్టమా? మౌలాలిల మా ఇంట్ల కోళ్ళున్నయ్, తెస్త తియ్."

మైక్రోస్కోపు కింద పెట్టిన మొదటి గాజుపలకలో ఏమీ లేదు. తర్వాతిదాంట్లో గుడ్డు కనబడింది, కోలగా, కొసన చిన్న ముల్లుతో, పుస్తకంలో ఉన్నట్టే. మేడం చాలాసేపు చూసి, లేచి నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టారు.

కోత తప్పింది. సూదులు వేస్తున్నారు. నిన్న యూసుఫ్, నయమయ్యాక ఆ నదిలో మళ్ళీ దిగొచ్చా అని అడిగాడు. మేడం తల అడ్డంగా ఊపారు. "మా అమ్మ రోజూ అక్కడే బట్టలుతుకుతుంది" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. అప్పుడే వాళ్ళింటికి రాయడానికి కాగితం అడిగి తీసుకున్నాడు.

మన కాలువలో ఆ పురుగు లేదని మేడంను రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను. సెలవులకు రాగానే ముందు రేవుకు వెళ్తాను. మోకాళ్ళదాకా దిగి ఊరికే నిలబడతాను. పిన్ని తిడితే తిట్టనివ్వండి.

ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త మామిడి తాండ్ర పంపండి. మామ్మకు, పాస్టరుగారికి నా వందనాలు. రాత్రి ప్రార్థనలో యూసుఫ్ పేరు, వాళ్ళమ్మ పేరు తెలియదు కనుక 'వాళ్ళమ్మ' అని, ఒక మాట కలపండి. ఆ ఒక్క వాక్యం మాత్రం అందరి ముందూ పైకే చదవండి.

మీ దీవెన కోసం ఇక్కడ తల వంచిన,
సుగుణ