కళ్లు మూసుకుని అన్న మాట

కరుణా,

పాలు కాచి మూత పెట్టాను. డానీ స్కూలు బాక్సులోకి దోసకాయ పప్పు ఉంది, అన్నం ఒక్కటే వండుకో. బిందెలు కడిగేశాను, కుళాయి వచ్చినప్పుడు పట్టుకుంటే చాలు. నేను విస్సన్నపేట బస్సుకి వెళ్తున్నాను. మా అక్కని చూడ్డానికే గానీ, ఇంత పొద్దున్నే బయల్దేరింది నీ ముఖం చూడలేకే.

నిన్న మనింట్లో ప్రార్థన కూడికలో, "పొద్దెక్కేదాకా పడుకునే మా కోడలికి బుద్ధి దయచేయి ప్రభువా" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. నీకు ఒంట్లో బాగోలేదని తెలిసే అన్నాను. నిన్న పొద్దున నా మాటకి బదులు చెప్పకుండా లోపలికి వెళ్లిపోయావు, ఆ కోపం నాలో ఉండిపోయింది. అయినా నీతో అనాల్సింది నీతోనే అనాలి. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని పదిమందిలో నిన్ను దెప్పాను.

ప్రార్థన అయ్యాక ఆడవాళ్లందరూ తల మీద కొంగు తీసేశారు. నువ్వు మాత్రం ఇంకాస్త ముందుకి లాక్కుని టీలు అందించావు. చాప మీద కూర్చుని గ్లాసు అందుకుంటూ తలెత్తి చూస్తే నీ కళ్లు తడిగా ఉన్నాయి. ఆ గ్లాసు తాగకుండానే చాప పక్కన పెట్టేశాను.

దారిలో ప్రేమావతి గారింట్లో ఆగుతాను. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది ఆవిడే. నేను చేసింది ప్రార్థన కాదని ఆవిడతో చెప్పాకే బస్సెక్కుతాను.

అత్తయ్య

సాయంత్రానికి తిరిగొస్తాను, ఇవాళ ప్రార్థన నువ్వు చెయ్యి. నా నోటి గురించే చేసినా సరే, నేను ఆమెన్ అంటాను.