మిరపకాయ దగ్గు కాదత్తా

అత్తా,

బాగున్నావా? పోయినవాళ్ళని ఇలా అడగచ్చో లేదో నాకు తెలీదు. నువ్వు వెళ్ళిపోయాక ఇది నాలుగో మిరప పంట. నువ్వు నాకు అత్తగారివి అవ్వకముందే మేనత్తవి. నీ దగ్గర నాకు మొహమాటం ఏంటి? అడిగేశాను.

ఇవాళ కల్లంలో ఒక సంగతి జరిగింది. అది నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు. కానీ మొదట్నుంచీ చెప్పాలి... మధ్యలోంచి చెబితే నీకు కోపం కదా?

నువ్వు పోయాక కాయలేరే ముఠాకి మేస్త్రి ఎవరనుకున్నావు? నీ కూతురే. కోటేశ్వరి వదిన. పందిరి కింద, రాశికి తూర్పు పక్కన, సరిగ్గా నువ్వు కూర్చున్న చోటే కూర్చుంటుంది. గొంతు కూడా నీదే. మంచి కాయల్లో రంగుపోయిన తాలు కాయ ఒక్కటి కనిపించిందా, ఇక ఆ మనిషి ఏడు తరాలూ కల్లంలోకి దిగి రావాల్సిందే. నీ దగ్గర ఉన్నవన్నీ నేర్చుకుంది. నీ మొండితనంతో సహా.

అదే నా భయం.

నువ్వు రెండేళ్ళు దగ్గావు. ఎవరడిగినా ఒకటే మాట. "మిరపకాయ ఊళ్ళో దగ్గని వాడెవడే?" నేను ఆశా కార్యకర్తని, ఊరందరికీ పరీక్షలు చేయించేదాన్ని. కళ్ళె పరీక్షకని డబ్బీ తెచ్చి నీ ముందు పెడితే ఏం చేశావు? కడిగి, దాంట్లో పోపు గింజలు పోసుకున్నావు! ఎంత పోట్లాడాను నీతో... చివరికి గుంటూరు తీసుకెళ్ళేసరికి టీబీ ఊపిరితిత్తుల్ని తినేసింది.

నువ్వన్నదీ అబద్ధం కాదు. కల్లంలో ఘాటుకి అందరూ దగ్గుతారు. అందరూ దగ్గే చోట ఒక్కరి దగ్గు ఎవరికి వినబడుతుంది?

నువ్వు వెళ్ళాక రెండో పంటకి మంగళగిరి టీబీ ఆఫీసు నుంచి లావణ్య అనే అమ్మాయి వచ్చింది. ఫోను ముందు దగ్గితే చాలట. అది మామూలు దగ్గో, పరీక్ష చేయించాల్సిన దగ్గో ఫోనే చెబుతుందట. ఏఐ అంటారు దాన్ని. నీకెలా చెప్పను... చంటిపిల్లకి కాకిని చూపించి కాకి అని, కొంగని చూపించి కొంగ అని నేర్పుతామే, అలా దానికి బోలెడు దగ్గులు వినిపించి, ఇది జబ్బుది, ఇది కాదు అని నేర్పుతారు. ఆ తర్వాత కొత్త దగ్గు వింటే అదే పోల్చుకుంటుంది. ఎరుపు వెలిగితే పరీక్ష చేయించమని. పచ్చ వెలిగితే ఫర్వాలేదని. జబ్బుందో లేదో తేల్చేది మాత్రం పరీక్షే.

మొదటిరోజు నవ్వులపాలయ్యింది. కల్లంలో ఎవరు దగ్గినా ఎరుపే. మరియమ్మకి ఎరుపు. కాటా వేసే సాంబయ్యకి ఎరుపు. ఆఖరికి ఘాటు తగిలి లావణ్య దగ్గితే ఆ పిల్లకీ ఎరుపే! దానికి నేర్పిన దగ్గుల్లో మిరపకాయ దగ్గు ఒక్కటీ లేదట. అవన్నీ ఎక్కడెక్కడి ఊళ్ళ దగ్గులో.

సరే, ఘాటు లేని చోట విందాం, సెలవురోజు అంగన్‌వాడీకి రండి అంది. మన ఆడవాళ్ళ సంగతి నీకు తెలుసుగా? పట్నం నుంచి మనిషొచ్చి గొంతు వింటుందంటే ఊరుకుంటారా? తలంట్లు పోసుకున్నారు. పూలు పెట్టుకున్నారు. బుగ్గన పటికబెల్లం, మిరియాలు పెట్టుకుని మరీ వచ్చారు. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు అలికినట్టు గొంతులు అలుక్కుని వచ్చారత్తా! అందరికీ పచ్చే. గది నిండా మిరియాల వాసన... నేను లావణ్య మొహం చూశాను, తను నా మొహం చూసింది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

నువ్వుంటే ఏమనేదానివో?

ఆ పిల్ల మాత్రం వదల్లేదు. నీకు నచ్చేది, మంచి మొండిది. ఆ ఏడాదంతా ఇద్దరం తిరిగాం. కల్లంలో దగ్గులు, పొద్దున్నే మొహం కడగకముందు దగ్గులు, కాయల పని లేని వానాకాలపు దగ్గులు... చుట్టుపక్కల ఊళ్ళవి కూడా. టీబీకి మందులు మొదలుపెట్టబోతున్నవాళ్ళవి కూడా. ఒక్కో దగ్గు పక్కనా ఆ మనిషి పరీక్షలో ఏం తేలిందో పెట్టి, దానికి మళ్ళీ నేర్పారు. మన ఊరి దగ్గులన్నీ ఇప్పుడు కంప్యూటర్లో ఉన్నాయి. నీ దగ్గు ఒక్కటే లేదు.

పోయిన పంటకి మళ్ళీ వచ్చింది లావణ్య. కల్లం మంచి ఘాటు మీద ఉంది. మరియమ్మ దగ్గితే పందిరి ఊగిపోయింది. పచ్చ! సాంబయ్యకి పచ్చ. వరసగా పచ్చలే. ముఠా అంతా చప్పట్లు కొట్టారు. ఆఖరున మేస్త్రిగారు... వదిన కొంగు అడ్డం పెట్టుకుని, సన్నగా, మర్యాదగా ఒక్కసారి దగ్గింది.

ఎరుపు.

దీనికి మళ్ళీ పిచ్చెక్కింది అంది వదిన. ఇంకోసారి దగ్గించాం. కల్లం దాటించి చేను గట్టు మీదకి తీసుకెళ్ళి దగ్గించాం. అక్కడా ఎరుపే. పోయినసారి అంగన్‌వాడీలో నాకు పచ్చే వచ్చిందిగా, అదే నిజం, పోవే అంది. డబ్బీ చేతిలో పెట్టబోతే నన్నొక చూపు చూసింది. అచ్చం నీ చూపే. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం ఎలా గడిపానో తెలుసా? గోడ అవతల నుంచి నువ్వు దగ్గిన దగ్గులన్నీ మళ్ళీ చెవిలో పడ్డాయి. ఒకే ఇంట్లో రెండోసారి కూడానా అనుకున్నాను.

ఆఖరికి నాకు కోపమొచ్చింది. నా కోపం నీకు కొత్త కాదుగా. పని అయ్యి అందరూ వెళ్ళాక కల్లానికి పోయి, రాశిలోంచి ఒక కాయ తీసి వదిన చేతిలో పెట్టాను. పైకి నిగనిగలాడుతున్న కాయ. నువ్వు రోజూ అనే మాట గుర్తుందా? "ఎరుపు చూసి మురిసిపోకండే. అనుమానమొస్తే విప్పి చూడండి. ఒక్కదాంట్లో బూజుంటే టిక్కీ బస్తా అంతా పోద్ది." మీ అమ్మ అనుమానమున్న కాయని ఒక్కటైనా విప్పకుండా గోనెలో పడనిచ్చిందా అని అడిగాను. అన్ని కాయలు విప్పిన మనిషి తనని మాత్రం ఎవరినీ చూడనివ్వలేదు, నువ్వూ అలాగే పోతావా అని అరిచాను. అరిచాక ఏడ్చాను.

నిన్ను అలా అన్నందుకు కోపమా? అన్నది నిజమేగా...

వదిన కాయ విప్పింది. లోపల బాగానే ఉంది. చేతికంటిన గింజలు దులుపుకుని, డబ్బీ ఏదీ అంది.

టీబీయే. కానీ మొదట్లోనే దొరికింది.

ఆరు నెలల మందు. నేనే దగ్గరుండి మింగించాను. ఆ మాత్రలకి మూత్రం ఎర్రగా వస్తుంది. ఇన్నేళ్ళ మిరపకాయ ఒంట్లోంచి దిగిపోతోందే అని వదిన ఒకటే నవ్వు. మొదట్లో కొందరు ఎడంగా జరిగారు, అబద్ధమెందుకు? ఇక పక్కన కూర్చోవచ్చని డాక్టరుగారు చెప్పాక ముందుగా వచ్చి కూర్చున్నది ఎవరో తెలుసా? మరియమ్మ. పంపు దగ్గర తగువుతో నీతో మాటలు మానేసిన మరియమ్మే! నీ కొడుకూ నేనూ కూడా పరీక్ష చేయించుకున్నాం. మాకేమీ లేదు. ఇప్పుడు డబ్బీలు పట్టుకుని నేను ఇల్లిల్లూ తిరగక్కర్లేదు, ఎరుపు వస్తే వాళ్ళే అడిగి తీసుకుంటున్నారు. ఒక్క ఇంట్లో కూడా దాంట్లో పోపు గింజలు లేవు.

ఇక ఇవాళ్టి సంగతి.

వదినకి ఆఖరి పరీక్షలో కూడా ఏమీ లేదని తేలింది. ఈ పంట మొదటి కోత కల్లానికొచ్చింది. లావణ్యని వదినే కబురుపెట్టి పిలిపించింది, ఆ ఫోను సంగతేదో ఇవాళ తేలుస్తానని. ముఠా అంతా చుట్టూ మూగారు. వదిన కొంగు బొడ్లో దోపుకుంది. గొంతు సవరించుకుంది. నోరు తెరిచింది...

దగ్గు రాలేదు.

మళ్ళీ ప్రయత్నించింది. రాదే! ఇన్నాళ్ళూ పిలవకపోయినా వచ్చిన దగ్గు, పిలిస్తే రాదే! మరియమ్మ ఊరుకుంటుందా? గుప్పెడు ఎండుకాయలు వదిన ముక్కు దగ్గర దులిపింది. వదిన గట్టిగా ఒక్క తుమ్ము తుమ్మింది. దగ్గు వినబడలేదు, మళ్ళీ ప్రయత్నించండి అంది ఫోను.

కల్లం కల్లమంతా నవ్వు. వదిన రాశి మీద కూలబడి మరీ నవ్వింది. నీ నవ్వే అత్తా, తల వెనక్కి వాల్చి, కళ్ళ నీళ్ళు కారేలా...

నువ్వు ఎప్పుడు నవ్వినా ఆ నవ్వు చివర దగ్గు వచ్చేది, గుర్తుందా? మేమంతా నవ్వు ఆపేసి నీ వీపు రాసేవాళ్ళం. ఇవాళ కూడా నా చెయ్యి దానంతట అదే వదిన వీపు మీదకి వెళ్ళింది. దగ్గు వస్తే రాద్దామని ఆగాను.

నవ్వు అయిపోయింది. వెనక దగ్గు రాలేదు.

రేపు పక్క ఊరి కల్లానికి వెళ్తున్నాను, ఫోను పట్టుకుని, డబ్బీలు సంచిలో వేసుకుని. నీకు మాటిస్తున్నాను... అనుమానమున్న దగ్గుని ఇక ఒక్కదాన్నీ విప్పి చూడకుండా పోనివ్వను.

కోటేశ్వరి గురించి బెంగ పెట్టుకోకు.

నీ మేనకోడలు,
పద్మ