అరవై నాలుగో చీర

సెప్టెంబర్ 8, సోమవారం

నలభై ఒకటి! పొద్దున లేచేసరికి నలభై ఒకటి ఆర్డర్లు! ఫోన్ టింగ్‌మన్నప్పుడల్లా అవ్వ నూలు కండెలు చుట్టడం ఆపి "ఏ ఊరు?" అంటుంది. మా చీరల సైటు తెరిచి చూసి ఇచ్చోడ అన్నాను. మళ్ళీ టింగ్. హుస్నాబాద్. మళ్ళీ. భైంసా. "గిన్ని ఊర్లల్ల మన చీరలు కడ్తరా?" కడ్తరవ్వా, కడ్తరు!

ఆర్డర్ పెట్టేవాళ్ళంతా గల్ఫ్‌లో. చీరలు పోయేది ఇక్కడి ఊళ్ళకే – బతుకమ్మకు అక్కకో, అవ్వకో, భార్యకో. సైటులో రెండు గళ్ళు పెట్టాను. చీర ఎవరికి? మడతలో చీటీ మీద ఏం రాయాలి? వాళ్ళు అక్కడ టైపు చేస్తారు, నేను ఇక్కడ పెన్నుతో రాసి చీర మడతలో పెడతాను. ఆ రెండో గడి నా బుర్రలో పుట్టిందే. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాసుకుంటున్నాను – చాలా గర్వంగా ఉంది.

సెప్టెంబర్ 9, మంగళవారం

యాభై మూడు. బాపు పట్టించుకోనట్టే ఉన్నాడు. "ఎన్నయినయి?" అని మాత్రం మూడుసార్లు అడిగాడు.

సెప్టెంబర్ 10, బుధవారం

చీటీలు చదువుతూ కూర్చుంటే పని సాగదు. "అవ్వా, కట్టుకో. పెట్టెల దాచకు." ఇది దుబాయ్ నుంచి హుస్నాబాద్‌కు. "అక్కా, నేను లేనని తంగేడు పువ్వు తక్కువ తేకుండ్రి" – ఇది ఇచ్చోడకు. అవ్వకు చదివి వినిపించాను. కళ్ళు తుడుచుకుంది. వెంటనే నా మీద అరిచింది, అన్నం మాడుతోందని.

సెప్టెంబర్ 11, గురువారం

అరవై నాలుగు! నేసిన చీరలన్నీ ఖతం! సైటులో "అయిపోయాయి" అని పెట్టాను, నిజంగా!

ఈ సీజన్‌లో బాపు సేటు దగ్గర నూలు తీసుకోలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇదే మొదటిసారి – నాలుగు మరమగ్గం సాంచల మీదా మా సొంత రంగు, మా సొంత అంచు. అదీ నా మాట మీద. పండుగలోపు చీరలు ఇళ్ళకు చేరకపోతే మళ్ళీ సేటు గుమ్మమే, మళ్ళీ ఎవరి బట్టో నేసి కూలి తెచ్చుకోవడమే. బాపు ఆ మాట నోటితో అనడు. అనకపోవడమే నాకు భయం.

అరవై నాలుగోది తంగేడు పసుపు, ఊదా అంచు. అన్నిటికంటే నాకు నచ్చింది. చీటీ "చిన్నీ" అని మొదలైంది. అంతలో బాపు పిలిచాడు, సాంచ మీది పడుగు బీమ్ దించడానికి ఓ చెయ్యి వెయ్యమని. మిగతాది రేపు చదువుతాను. రేపు కూర్చుని అరవై నాలుగు చీటీలూ ఒక్క బైఠక్‌లో రాసెయ్యాలి.

సెప్టెంబర్ 12, శుక్రవారం

సైటు లేదు.

తెరిస్తే తెల్లటి పేజీ. "ఈ ఖాతా నిలిపివేయబడింది." అంతే. పేర్లు, ఊళ్ళు, చీటీలు – అన్నీ అందులోనే. నా దగ్గర కాగితం ముక్క కూడా లేదు. ఆర్డర్ల మెయిల్ కూడా సైటు నడిపే కంపెనీ సర్వర్‌లోనే.

చాట్ తెరిచాను. "మీరు వరుసలో ఒకటో వారు." యాభై నిమిషాలు ఒకటో వారినే! తర్వాత కెవిన్ అని ఒకడు వచ్చాడు. ఖాతాదారుడి నంబర్‌కు ఓటీపీ పంపారట, ఎవరూ చెప్పలేదట, అందుకే ఆపేశారట. ఏ నంబర్? మస్కట్‌లో పనిచేసే మా అన్న నంబర్!

మా ఇంట్లో ఏ ఫారం నింపినా నంబర్ అన్నదే. డబ్బులు కట్టే కార్డు అన్నది కాబట్టి. ఈ వాడలో గల్ఫ్ మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇంతే. అన్న ఎండాకాలంలో కంపెనీ మారాడు, సిమ్ పాత కంపెనీకి ఇచ్చేశాడు. సైటు సంగతి వాడికీ గుర్తు లేదు, నాకూ గుర్తు లేదు.

కెవిన్‌కు ఇదంతా చెప్పాను. "మీ బాధ మాకు అర్థమైంది. దయచేసి ఆ నంబర్‌కు వచ్చిన ఓటీపీ చెప్పండి." ఆ నంబర్ లేదయ్యా! "మీ బాధ మాకు అర్థమైంది." నంబర్ మార్చండి. "నంబర్ మార్చడానికి పాత నంబర్‌కు ఓటీపీ వస్తుంది."

టికెట్ మూసేశాడు. పోతూ పోతూ పెద్ద ప్యాకేజీ కావాలా అని అడిగాడు.

సెప్టెంబర్ 13, శనివారం

ఫోన్‌లో ప్రయత్నం. ఒకటి నొక్కు, మూడు నొక్కు, ఆగు. పాట. ఆ పాటకు అవ్వ తల ఊపుతూ కండెలు చుడుతోంది. "మంచిగనే ఉన్నది పాట." నలభై నిమిషాల తర్వాత లైన్ కట్ అయితే నాకంటే అవ్వే ఎక్కువ బాధపడింది.

అన్న మస్కట్ నుంచి వాళ్ళతో కొట్లాడాడు. "నేనే గదా ఓనర్ని, నేనే చెప్తున్న గదా!" పాస్‌పోర్ట్ ఫోటో పంపమన్నారు. పంపాడు. ముఖం సరిపోలలేదట. పాస్‌పోర్ట్‌లో గడ్డం లేదు, ఇప్పుడు ఉంది. గడ్డం తీసి మళ్ళీ పంపాడు, పాపం. దానికి ఇంతవరకు జవాబు లేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

నాలుగు టికెట్లు. కెవిన్, ప్రియ, ఆర్యన్, మళ్ళీ కెవిన్. నాలుగుసార్లూ వాళ్ళకు నా బాధ అర్థమైంది. అక్షరం తేడా లేకుండా అర్థమైంది.

బాపు పక్కన కూర్చుని చాట్ అంతా చదివించుకున్నాడు. చివరికి – "గా కంపెనీల మనుషులున్నరా బిడ్డా, ఉత్త సాంచలే నడుస్తున్నయా?"

కోపంలోనూ నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. బాపు సాంచ దగ్గరికి పోయి, ఆగి ఉన్నదాన్నే తుడుస్తూ నిలబడ్డాడు.

సెప్టెంబర్ 15, సోమవారం

మగ్గాల వాడంతా వినేలా అరిచాను ఇవ్వాళ! ఇంత చిన్న సంగతి మూడు రోజులు తట్టలేదేం నాకు!

సిమ్ అన్న దగ్గర లేదు. మరి నంబర్ ఎక్కడికి పోతుంది? ఎవరి దగ్గరో ఉండాలి కదా! చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి – "హలో, కౌన్?"

పేరు ఇర్ఫాన్. బీహార్ మనిషి. మస్కట్‌లో నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. నా వచ్చీరాని హిందీలో అంతా చెప్పాను. ఆయన ఒకటే నవ్వు. మూడు నెలలుగా మా అన్న పేరు మీద ఫోన్లు వస్తున్నాయట. ఓటీపీలు కూడా! వారం కింద వరసగా వచ్చాయట, పనికిరానివని కొట్టేశాడట.

భాయ్, ఇంకోసారి వస్తే చెప్తారా?

అంతే, నవ్వు ఆగిపోయింది. "ఓటీపీ కిసీకో నహీ బతానా, బెహన్." ఎవరికీ చెప్పకూడదట. ఫోన్ పెట్టేశాడు.

తప్పేం లేదు. నేనైనా అదే పని చేసేదాన్ని.

సెప్టెంబర్ 16, మంగళవారం

చెయ్యాలా వద్దా... చెయ్యాలా వద్దా... మధ్యాహ్నం వీడియో కాల్ చేశాను. ఎత్తాడు! ఫోన్ తిప్పి చూపించానంతే. నాలుగు సాంచలు. గోడ పక్కన దొంతర పెట్టిన చీరలు. బాపు. అవ్వ – కండె చుడుతూనే ఫోన్ వైపు చూసి "ఎవలు గీ పిలగాడు? తిన్నవా బిడ్డా?" అంది.

ఆయనకు తెలుగు రాదు. కానీ అవ్వ చేతి వైపే చూస్తున్నాడు. వాళ్ళ అమ్మ కూడా ఇట్లాగే చుడుతుందట. వాళ్ళదీ నేత ఇల్లేనట! "ఆవాజ్ సునావో" అన్నాడు, మగ్గం చప్పుడు వినిపించమని. బాపు ఒక సాంచ నడిపి వినిపించాడు. ట్యాంకర్ రోడ్డు పక్కన ఆపుకుని ఆ మనిషి కాసేపు అట్లాగే విన్నాడు.

"భేజో," పంపించమన్నాడు.

ఓటీపీ పంపమని కంపెనీ పేజీలో నొక్కాను. ఐదు నిమిషాలే టైము. సిగ్నల్ పోయింది. వచ్చింది. ఒక్కొక్క అంకె ఆయన చదువుతుంటే నేను అరుస్తూ కొట్టాను, వెనక అవ్వ కూడా అరిచింది, ఎందుకో తనకే తెలియదు. పచ్చ టిక్కు పడింది! పడింది! కంపెనీ నాలుగు టికెట్లలో చెయ్యని పని దారిన పోయే మనిషి నాలుగు నిమిషాల్లో చేశాడు!

సైటు మళ్ళీ నిలబడడానికి ఒక రోజు పడుతుందట. పడనీ.

సెప్టెంబర్ 17, బుధవారం

వచ్చింది! సైటు వచ్చింది! అన్నకు చెప్పాను, ఇర్ఫాన్ భాయ్‌కి చెప్పాను, ఎదురింటి వాళ్ళకు చెప్పాను.

ఆ తర్వాత లెక్క చూశాను. యాభై మూడు.

మళ్ళీ చూశాను. యాభై మూడే. పోయిన వారం మంగళవారం నాటి పాత కాపీ తెచ్చి పెట్టారు. బుధ, గురువారాల పదకొండు ఆర్డర్లు లేవు. ఎవరివో తెలియదు, ఎక్కడికో తెలియదు.

కంపెనీ మెయిల్ మాత్రం వచ్చింది. మీ సమస్య పరిష్కరించినందుకు సంతోషంగా ఉందట. ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని అడిగారు.

సెప్టెంబర్ 18, గురువారం

"కాపీ దాచుకోవడం వినియోగదారుని బాధ్యత." ఈసారి పేరు మేఘన.

చాలా తిట్టాను. ఆ తర్వాత స్నానం చేస్తుంటే తట్టింది – మేఘన అన్నది తప్పు కాదు. రేపు రాద్దాం, రేపు రాద్దాం అని కూర్చున్నది నేనే. వాళ్ళకు మనసు లేదు, సరే. నాకు నోట్‌బుక్కు లేకపోయిందా?

యాభై మూడు చీటీలు ఇవ్వాళే రాశాను. చెయ్యి పడిపోయింది. బాపు ఒక్కో చీర మడత విప్పి పట్టుకున్నాడు, నేను పెట్టాను. సాయంత్రం బస్సులకు అన్నీ వేసేశాం.

సెప్టెంబర్ 19, శుక్రవారం

వాట్సాప్‌లో అన్ని గ్రూపుల్లో పెట్టాను: పోయిన వారం బుధ, గురువారాల్లో మా దగ్గర చీర బుక్ చేసినవాళ్ళు ఫోన్ చేయండి, తప్పు మాది. దుబాయ్ గ్రూపులు, దోహా గ్రూపులు. నలుగురు చేశారు! ఒకాయన ముందు తిట్టాడు, తర్వాత చీటీ చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాశాను. నోట్‌బుక్కులో కూడా.

సెప్టెంబర్ 20, శనివారం

ఇర్ఫాన్ భాయ్ తన క్యాంపులో గది గది తిరిగి అడిగాడట! ఇద్దరు దొరికారు. ఒకరిది హుస్నాబాద్ పక్క ఊరే. కంపెనీకి కట్టే డబ్బు ఈయనకు ఇవ్వాలి!

పదకొండులో ఆరు దొరికాయి.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. ఆడుతుంటే కూడా ఫోన్ నడుములో దోపుకునే ఉన్నాను. రెండుసార్లు మోగింది. ఎనిమిది!

సెప్టెంబర్ 24, బుధవారం

పది.

భైంసా నుంచి ఒకామె ఫోన్. చీర చేరింది, కట్టుకుని ఆడింది. "చీటీ ఎవలు రాసిండ్రక్కా? మా తమ్ముని రాత గింత గుండ్రంగ ఉండది." నేనే రాశాను అన్నాను. "రాత నీదైతేంది, మాట వానిదే. నిన్నటిసంది పదిసార్లు సదివిన."

బాపుకు వినబడాలని స్పీకర్ పెట్టాను. సేటు మనిషి నిన్న వచ్చి నూలు ఎప్పుడు పట్టుకపోతవని అడిగిపోయాడు. బాపు ఇవ్వాళ నన్ను అడిగింది ఒకటే – "దీపావళికి ఏ రంగు అడుగుతరంటవ్?"

నాకు ఎగరాలనిపించింది. ఎగిరాను కూడా.

సెప్టెంబర్ 26, శుక్రవారం

అరవై మూడు పోయాయి. తంగేడు పసుపు, ఊదా అంచు – అదొక్కటే బల్ల మీద. ఎదురింటి వదిన చూసి "నాకియ్యరాదే" అంది. నేను నోరు తెరవకముందే బాపు అన్నాడు – "అది ఎవలో అడిగిండ్రు."

సెప్టెంబర్ 29, సోమవారం

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ ఇవ్వాళా రేపా అని వాడలో పంచాయితీ. మా వాళ్ళు ఇవ్వాళే అంటున్నారు.

చీటీ ఒకటి కోసి పెట్టాను. "చిన్నీ," అని రాశాను. తర్వాత ఏమీ లేదు. ఆ రోజు బాపు పిలిచినప్పుడు ఇంకొక్క నిమిషం ఆగి చదివి ఉంటే... ఏ ఊళ్ళోనో చిన్నీకి ఎవరో చెప్పే ఉంటారు, చీర వస్తుంది చూడు అని.

సాయంత్రం అవ్వ బతుకమ్మ ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. "వస్తున్నవా లేదా?" అప్పుడు మోగింది. గల్ఫ్ నంబర్, కొత్తది.

హలో అన్నాను. గాలి హోరు. తర్వాత మగ గొంతు. "అక్కా, గా చీరల వెబ్‌సైట్ మీదేనా? నేను దినాం సూస్తున్న, నా ఆర్డర్ కనవడ్తలేదు. కంపెనీకి రాస్తే మీ బాధ అర్థమైందన్నరు..."

పసుపు చీరనా తమ్మీ? చిన్నీకా? అని అరిచాను.

లైన్ కట్.

మళ్ళీ చేశాను. ఎత్తడం లేదు. ఆరుసార్లు. వీధి చివర చప్పట్లు వినిపిస్తున్నాయి, పాట మొదలైంది. అవ్వ వెళ్ళిపోయింది. బాపు పోలేదు. చీర ఒళ్ళో పెట్టుకుని, మడత వేలితో తెరిచి పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

కంపెనీ మెయిల్: "మీ నుంచి స్పందన లేనందున టికెట్ మూసివేస్తున్నాం."

మీరు మూసుకోండి. నేను మూయను. ఏడోసారి చేస్తున్నాను... మోగుతోంది...