కుర్చీ తిప్పింది నేనే

సలోమి అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. ఈ ఎడారి దేశపు పోలీసు శిక్షణ కేంద్రం క్లినిక్‌లో నీ కుర్చీలో కూర్చుని, నీ పనే చేస్తున్నా నేనింకా 'కొత్త సిస్టర్'నే. ఒక్కడికీ నా పేరు రాదు.

పొద్దున ఫైరింగ్ నేర్పే బలూచీ సార్జెంటు వినికిడి పరీక్షకి వచ్చాడు. గాజు గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం పంపినప్పుడల్లా ఠక్కున బటన్ నొక్కాడు. ఒక్కటీ తప్పలేదు. ఇన్నేళ్లు తుపాకుల మోతలో ఉన్న చెవులు అంత బాగుంటాయా? చూద్దును కదా, గాజులోంచి మీట నొక్కే నా చేతినే చూస్తున్నాడు! నువ్వు చేసినట్టే అతని కుర్చీని గోడవైపు తిప్పించాను. ఈసారి అతనికి సన్నటి శబ్దాలు ఒక్కటీ వినబడలేదు.

"ఖలాస్! యే తో సలోమి సిస్టర్ కా తరీకా హై," అన్నాడు. నీ పద్ధతట! చెవులు పోతున్నందుకు ఏడవనివాడు నీ పేరెత్తగానే కళ్లు తుడుచుకున్నాడు. నా ఒళ్లు మండింది. చెవుల డాక్టరు చూసేదాకా ఫైరింగ్‌కి వెళ్లొద్దని రాసింది నేను. పేరు మాత్రం నీకు.

కొత్తగా చేరిన ఏలూరు పిల్ల అడిగింది: "కుర్చీ తిప్పాలని మీకెలా తట్టిందండీ?"

"నాకే తట్టింది," అన్నాను. అబద్ధమే. నువ్వొచ్చి చెప్పుకో.

సాయంత్రం చూస్తే, గోడవైపు తిప్పిన కుర్చీ కాళ్లు ఎక్కడుండాలో గుర్తుకి నువ్వు నేల మీద అంటించిన టేపు ఊడిపోయి ఉంది. పీకి పారేద్దామనుకున్నాను.

ఆ పిల్ల చూడకుండా వంగి కొత్తది అంటించాను, సరిగ్గా నీ గుర్తుల మీదే.