తిరగని ఐదు

ప్రిన్సిపాల్ గారికి, మన ఆటస్థలంలో స్కోరుబోర్డు రేకులు తిప్పే అటెండరు నమస్కారాలతో రాసుకుంటున్న సంజాయిషీ.

అయ్యా, నిన్న మన బాస్కెట్‌బాల్ జట్టు ఆఖర్న వేసిన నాలుగు పాయింట్లు బోర్డు మీద ఎందుకు పెట్టలేదని అడిగారు. ఈ ఏడాది నిన్నటికి ముందు మనవాళ్లు ఆడిన పదకొండు మ్యాచులూ ఓడారు. ఒక్కసారి కూడా యాభై చేరలేదు కాబట్టి మన వైపు పదుల గడిలో ఐదు అంకె రేకు తుప్పు పట్టింది. నిన్న ఆఖరి మ్యాచు. నలభై తొమ్మిది దగ్గర, ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. అందరూ నిచ్చెన అని పిలిచే కుర్రాడు బంతితో పైకి లేచాడు. అడ్డుకోబోయిన ముగ్గురూ ఎగిరి కిందికి దిగిపోయారు. వాడు మాత్రం ఇంకా గాల్లోనే ఉన్నాడయ్యా! బంతి వలలో పడింది.

బోర్డు మారకపోయేసరికి పిల్లలు ఆ బంతి చెల్లలేదని, ఇంకా వెనకే ఉన్నామని అనుకుని, ప్రాణం పెట్టి ఆడి మరో రెండు వేశారు. గంట మోగాక కెప్టెన్ పరిగెత్తుకొచ్చి, "అన్నా, ఒక్క పాయింటుతో గెలిచామా?" అన్నాడు. "మూడు నాయనా" అన్నాను. వాడు అక్కడే కూలబడి ఏడ్చేశాడు.

రేకు బిగుసుకుపోయిందని రాస్తే మీరు నమ్ముతారు. కానీ నేను దాన్ని ముట్టుకోనే లేదు. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, ఆట చూస్తూ ఉండిపోయాను.