తడి బొగ్గు జారింది

ప్రియ శిష్యుడు రాజేశానికి నీ మాస్టారి ఆశీస్సులు. ‘చిరంజీవి’ అని రాయడానికి చేయి ఒప్పలేదు.

హజీరా రేవు బొగ్గు యార్డులో, ఇరుక్కున్న బొగ్గును కదపబోయి నువ్వు కూరుకుపోయి ప్రాణం విడిచిన తొట్టి పక్కనే, ఇంజనీర్లు పరిశోధించి కట్టిన కొత్త తొట్టిని నిన్న పరీక్షించారు. గోడల వాలు పెంచి, నున్నని పలకలు తొడిగారు. వానకు తడిసిన బొగ్గు ఎక్కడా అంటకుండా కన్వేయరు బెల్టు మీదికి జారింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నా పక్కన నిలబడి చూస్తున్న నీ భార్య లక్ష్మి మాత్రం, “గిది ముందుగాల్నే చేస్తే ఏం పోయేది సారూ?” అని అడిగింది.

పాత తొట్లు ఇంకా నడుస్తున్నాయి. వాటిలోకి ఇప్పుడు నీ తమ్ముడు శీను గడ్డపారతో దిగుతున్నాడు. వద్దన్నాను. “బడిల భయపెట్టినట్టు గిక్కడ భయపెట్టకుండ్రి సారూ! నేను దిగకుంటే ఇంకోడు దిగుతడు” అని నవ్వాడు.

నా మాట అతడు వినడు; అన్నకు రాసిన మాటైనా వింటాడేమో. లక్ష్మీ, రేపు అతడు పనికి బయలుదేరకముందే ఈ ఉత్తరాన్ని బిగ్గరగా చదివి వినిపించమ్మా.